బెడ్ వెతికే పని తండ్రిది కాదు



ఇంట్లో పసివాడికి ఉన్నట్టుండి ఒళ్ళు కాలిపోతుంది. లేదా ఆడుకుంటూ ఆడుకుంటూ మెట్ల మీంచి దొర్లిపడతాడు. ఎత్తుకున్న తల్లి చేతులు వణుకుతుంటాయి. ఆ నిమిషంలో ఇంటిల్లిపాదీ అడిగేది ఒక్కటే: ఎక్కడికి తీసుకెళ్దాం?

మన ఊళ్ళో ఉంటే ఆ ప్రశ్నకి జవాబు కొంత తేలిక. శ్రీకాకుళం పక్క పల్లెలో ఉన్నవాళ్ళకి ముందు పీహెచ్‌సీ, అక్కడ కాకపోతే రిమ్స్, అదీ దాటితే విశాఖ కేజీహెచ్. దారి ఒకటే, అందరికీ తెలిసిందే. కలకత్తాలో దారులు ఎక్కువ. టిటాగఢ్, కాంకినారా జూట్ మిల్లు లైన్లలో మనవాళ్ళు తాతల కాలం నుంచీ ఉన్నారు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి మగ్గాల మీద పనిచేసినవాళ్ళ మనవలు, మునిమనవలు. ఆ ఇళ్ళలో ఒకరు ఈఎస్ఐకి వెళ్దామంటారు, ఒకరు బారక్‌పూర్ బి.ఎన్. బోస్ ఆసుపత్రి అంటారు, ఇంకొకరు అవేవీ వద్దు, ఫూల్‌బగాన్‌లో బి.సి. రాయ్ పిల్లలాసుపత్రికే పోదాం అంటారు. గార్డెన్‌రీచ్ రైల్వే క్వార్టర్లలో అయితే రైల్వే సెంట్రల్ హాస్పిటల్‌కా, పీజీ అని పిలిచే ఎస్.ఎస్.కె.ఎం.కా అని తర్జనభర్జన. న్యూటౌన్ ఫ్లాట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఫోనులో వెతుక్కుని బైపాస్ రోడ్డు మీది పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల వైపు చూస్తారు. ఈలోగా ఊరి నుంచి ఫోను. అక్కడెందుకమ్మా, రైలెక్కించి తీసుకొచ్చెయ్యండి, ఇక్కడ మనవాళ్ళున్నారు అని.

అందరూ బిడ్డ మీద ప్రేమతోనే మాట్లాడతారు. కానీ ఆ మాటల్లో అరగంట పోతుంది. తర్వాత ఒక ఆసుపత్రి గుమ్మం నుంచి ఇంకో ఆసుపత్రి గుమ్మానికి తిరగడంలో ఒక రాత్రి పోతుంది. ఆ అరగంట గురించీ, ఆ రాత్రి గురించీ ఇవాళ మాట్లాడతాను.

ఆ రాత్రి ఎలా ఉంటుందో ఈ దేశపు సుప్రీంకోర్టు తీర్పులోనే గంటలతో సహా రాసి ఉంది. 1992 జులై 8. దక్షిణ 24 పరగణాల్లో మథురాపూర్ స్టేషన్. రాత్రి 7:45కి ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి జారిపడ్డాడు. తలకి పెద్ద దెబ్బ. పక్కనే ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు, అక్కడ సౌకర్యం లేదన్నారు. రాత్రి 11:45కి కలకత్తా ఎన్.ఆర్.ఎస్. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి చేరారు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే తీయించి, వెంటనే చేర్చుకోవాలని రాశాడు. కానీ బెడ్ లేదు. 12:20కి మెడికల్ కాలేజీ. బెడ్ లేదు. ఒంటిగంటకి శంభునాథ్ పండిత్ ఆసుపత్రి. తలకి సంబంధించిన ఎమర్జెన్సీ విభాగం మా దగ్గర లేదన్నారు. రెండింటికి నేషనల్ మెడికల్ కాలేజీ. అక్కడా బెడ్ లేదు. తెల్లారి ఎనిమిదింటికి బంగూర్ న్యూరాలజీ ఇన్‌స్టిట్యూట్. స్కాన్ చూసి, మెదడులో రక్తస్రావం ఉంది, ఇది ఎమర్జెన్సీ కేసు, ఇక్కడ చూడలేమన్నారు. పదింటికి ఎస్.ఎస్.కె.ఎం. అక్కడా కుదరలేదు. చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకుంది. రెండు వారాల వైద్యానికి అయిన ఖర్చు దాదాపు 17,000 రూపాయలు. 1992లో ఒక కూలీకి 17,000 అంటే ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మొత్తం ఏడు ప్రభుత్వ వైద్యశాలలు. ఆ మనిషి బతికాడు. ఆయన సభ్యుడిగా ఉన్న పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1996 మే 6న తీర్పు వచ్చింది. అత్యవసరంలో ఉన్న మనిషికి ప్రభుత్వ ఆసుపత్రి సమయానికి వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని భంగపరచడమేనని కోర్టు చెప్పింది. 25,000 రూపాయల పరిహారం ఇమ్మంది. దానితో ఆగలేదు. ఆసుపత్రులన్నిటినీ కలిపే సమాచార ఏర్పాటు ఒకటి ఉండాలని, ఏ వైద్యానికి ఎక్కడ బెడ్ ఖాళీగా ఉందో తెలుసుకుని రోగిని నేరుగా అక్కడికే పంపాలని, అంబులెన్సులు సిద్ధంగా ఉంచాలని, ప్రభుత్వానికి డబ్బు లేదన్నది సాకు కాకూడదని చెప్పింది.

ఆ రోగి పెద్దవాడు. పిల్లల గురించి మాట్లాడుతూ ఆయన కథ ఎందుకు చెప్పానంటే, చంటిపిల్ల అయితే ఆ ఏడు గుమ్మాలు తిరిగేంత వ్యవధి ఉండదు. పసివాళ్ళ ఒంట్లో నీరు త్వరగా అయిపోతుంది, ఊపిరికి కష్టమైతే త్వరగా అలిసిపోతారు. పొద్దున ఆడుకున్న బిడ్డ సాయంత్రానికి వాలిపోవచ్చు.

కనుక నా మాట ఇది. బిడ్డకి ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే ఏది పెద్ద ఆసుపత్రి అని ఆలోచించకండి. ఈ గంటలో ఈ బిడ్డకి ఏం కావాలి, అది అందరికంటే దగ్గరగా ఎవరి దగ్గర ఉంది, అంతే ఆలోచించండి. ఊపిరాడనివాడికి ఆక్సిజన్ కావాలి. మూర్ఛ వచ్చి ఆగనివాడికి ఒక సూది మందు కావాలి. నీళ్ళు పోయి వాడిపోయినవాడికి సెలైన్ కావాలి. ఇవి సబ్‌డివిజన్ ఆసుపత్రిలో ఉంటాయి, స్టేట్ జనరల్ ఆసుపత్రిలో ఉంటాయి. టిటాగఢ్ నుంచి బి.టి. రోడ్డు పట్టుకుని శ్యామ్‌బజార్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఫూల్‌బగాన్ చేరేలోపు దారిలో ఖడ్‌దహలో, పానీహాటీలో, కామార్‌హాటీ సాగర్ దత్తాలో మూడు ఆసుపత్రులు దాటిపోతాం. డొక్కలెగరేస్తున్న బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆ మూడూ దాటిపోవడం ప్రమాదం. ముందు ఊపిరి నిలబెట్టించండి. ఫూల్‌బగాన్ అవసరమైతే ఆక్సిజన్ పెట్టిన బండిలో వెళ్ళొచ్చు.

ప్రాణం మీదికి వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఆరోగ్య కార్యకర్తలకి నేర్పే గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి తల్లులందరికీ తెలియాలి. బిడ్డ పాలు తాగలేకపోవడం, ఏమీ మింగలేకపోవడం. తాగింది తాగినట్టు అంతా కక్కేయడం. మూర్ఛ రావడం. మత్తుగా పడి ఉండి, పిలిచినా, గిల్లినా సరిగా కదలకపోవడం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక చర్చ లేదు, బయల్దేరాలి.

ఊపిరి సంగతి విడిగా చెప్తాను, ఎందుకంటే కలకత్తాలో చలికాలం చివర పిల్లల్ని ఎక్కువ భయపెట్టేది అదే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట కదలడం చూడండి. ఫోనులో ఒక నిమిషం పెట్టుకుని, ఆ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60 గాని అంతకు మించి గాని ఉంటే ఎక్కువ. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే లెక్కపెట్టనక్కర్లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకోటి, రెండు నెలల లోపు పసికందుకి జ్వరం వస్తే ఇంట్లో ఉంచి రేపు చూద్దామనుకోకూడదు. ఒళ్ళు చల్లబడిపోయినా అంతే. ఆ వయసులో జ్వరం చిన్న జబ్బు గుర్తు అని ఎవరూ ఇంట్లో కూర్చుని చెప్పలేరు.

డెంగీ కాలంలో మాత్రం అందరం ఒక తప్పుడు ధైర్యానికి లోనవుతాం. నాలుగు రోజులు కాగిన బిడ్డకి జ్వరం దిగితే గండం గడిచిందనుకుంటాం. డెంగీలో అసలు జాగ్రత్తగా ఉండాల్సింది జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, చిగుళ్ళలోంచి రక్తం, మత్తు, వీటిలో ఏది కనిపించినా జ్వరం లేదు కదా అని ఆగొద్దు.

ఇప్పుడు ఆసుపత్రికి బయల్దేరే ముందు, దారిలో కూడా మన చేతుల్లో ఉండే వైద్యం గురించి చెప్పాలి. అది ఈ బెంగాల్ నేల మీదే రుజువైంది.

1971. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్‌లో కలరా. ఆసుపత్రి అంటే రెండు గదులు, పదహారు మంచాలు. నేల మీద రోగులు, వాళ్ళ మధ్య వాంతులు, విరేచనాలు. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. అక్కడికి కలకత్తా నుంచి వెళ్ళిన పిల్లల డాక్టరు దిలీప్ మహలనబిస్. ఉప్పు, గ్లూకోజు, సోడా బైకార్బొనేట్ కొలిచి నీళ్ళలో కలిపి, డ్రమ్ముల్లో నింపి, రోగుల తల్లులకీ బంధువులకీ ఇచ్చి, తాగించండి అన్నాడాయన. డాక్టరు చేయాల్సిన పనిని తల్లి చేతికి ఇవ్వడం అప్పట్లో చాలామంది పెద్దలకి నచ్చలేదు. కానీ ఆ శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఆ నీళ్ళు తాగినవాళ్ళలో 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022 అక్టోబరులో కన్నుమూశారు, మరుసటి ఏడాది దేశం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఈ నగరంలో పుట్టిన ఆలోచనలన్నిటిలోకీ ఎక్కువ ప్రాణాలు కాపాడింది ఇదేనని నా నమ్మకం.

ఈ కథలో మనకి పనికొచ్చేది ఇది. విరేచనాలు పట్టుకున్న బిడ్డకి వైద్యం మొదలయ్యేది ఇంట్లో, వంటింటి గ్లాసుతో. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలో, మామూలుగా ఒక లీటరులో, మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ ఒక గ్లాసులో కలపకూడదు. రెండేళ్ళ లోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత పావు కప్పు నుంచి అరకప్పు దాకా చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా నెమ్మదిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. 24 గంటలు దాటిన నీళ్ళు పారబోసి కొత్తవి కలుపుకోవాలి. దానితోపాటు జింక్ మాత్ర 14 రోజులు. కళ్ళు గుంటలు పడినా, మాడు లోపలికి పోయినా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, చాలాసేపు మూత్రం పోయకపోయినా ఆసుపత్రికి. ఆ దారిలో కూడా చెంచా ఆపొద్దు. స్పృహలో ఉండి మింగగలిగిన బిడ్డకి టాక్సీలో కూడా పట్టొచ్చు.

కొనేటప్పుడు చూసి కొనండి. ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో అట్టడబ్బాల్లో చక్కెర పానీయాలు ఏళ్ళ తరబడి మందుల షాపుల్లోనే అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదని ఆదేశించింది. మన తెలుగు డాక్టరమ్మ సాధించిన పని ఇది, నాకు చాలా గర్వంగా ఉంది. అయినా షాపువాడు ఏదిస్తే అది తెచ్చుకోకండి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి తెచ్చుకోండి.

ఇక కలకత్తాలో ఏది ఎక్కడ అన్న సంగతి. అన్ని ఆసుపత్రుల పేర్లూ చదవను, గుర్తుండదు. కొన్ని దెబ్బలకి మాత్రం సరైన చోటు ముందే తెలిసి ఉండాలి.

కంటికి దెబ్బ తగిలితే, టపాకాయ పేలినా, సున్నం పడినా, మెడికల్ కాలేజీ ప్రాంగణంలో ప్రాంతీయ కంటి వైద్య సంస్థ ఉంది, అందరూ ఆర్‌ఐఓ అంటారు. సున్నం పడితే బయల్దేరే ముందు కంట్లో ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి, అది మర్చిపోవద్దు. కాలిన పిల్లలకి ఎం.ఆర్. బంగూర్‌లో, ఎస్.ఎస్.కె.ఎం.లో కాలిన గాయాల విభాగాలున్నాయి. అన్నం వార్చే గంజి మీద పడి కాలిన పసిపిల్లల్ని మన ఇళ్ళల్లో ఎంతమందిని చూడలేదు! కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళు పారించాలి. టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. మిగతా ఒంటికి మాత్రం దుప్పటి కప్పండి, పిల్లలు చలికి త్వరగా బిగుసుకుపోతారు. పెద్ద ప్రమాదంలో ఎముకలు, తల, పొట్ట దెబ్బతింటే ఎస్.ఎస్.కె.ఎం. ట్రామా సెంటర్ ఉంది. 1992లో ఆ కూలీకి తలుపు తెరవని ఆసుపత్రుల్లో ఇదొకటి. అక్కడ ఇవాళ ట్రామా సెంటర్ ఉండటం చిన్న మార్పు కాదు.

కుక్క కరిస్తే ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. టీకా చాలా చోట్ల దొరుకుతుంది. చర్మం చీలి రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అది చిన్న చోట్ల ఉండకపోవచ్చు. అది ఉందా అని అడిగి వెళ్ళండి. బేలియాఘాటా ఐడీ ఆసుపత్రి ఇలాంటి జబ్బుల కోసమే ఉంది. డిఫ్తీరియా, ధనుర్వాతం, తీవ్రమైన విరేచనాలు కూడా అక్కడ చూస్తారు.

పాము సంగతి వేరు. నగరం అంచుల్లో, సోనార్‌పూర్, క్యానింగ్ వైపు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా వినండి. వానాకాలంలో నేల మీద పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి అని లేచి, రెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే అది కట్లపాము కావచ్చు. గాటు కనిపించకపోవచ్చు. తాడు కట్టొద్దు, కోయొద్దు, మంత్రం కోసం వెళ్ళొద్దు. విషానికి విరుగుడు మందు బ్లాక్ స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఉంటుంది. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళాలి, కలకత్తా దాకా రాకూడదు. మిల్లు లైన్లలో కిరసనాయిలు తాగిన పిల్లాడికి ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తాగినప్పటి కంటే కక్కినప్పుడే ఎక్కువ చేటు. గుండ్రటి బొత్తాం బ్యాటరీ మింగాడన్న అనుమానం ఉంటే మలంలో వస్తుందిలే అని చూడకండి. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఎక్స్‌రే, ఎండోస్కోపీ రెండూ ఉన్న ఆసుపత్రికే వెళ్ళాలి. మొదటి చోటు దగ్గరిదే అన్నానుగా, అది ఇక్కడ చెల్లదు.

పుట్టిన బిడ్డల విషయంలో ఒక మంచి మార్పు జరిగింది. ఒకప్పుడు బరువు తక్కువ బిడ్డ పుడితే కలకత్తాకి పరుగు. 2003లో పురూలియా జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువులకి ప్రత్యేక విభాగం పెట్టారు. అది పనిచేసింది. దేశమంతా జిల్లా ఆసుపత్రుల్లో ఎస్ఎన్‌సీయూలు ఆ నమూనా మీదే వచ్చాయి. మీ జిల్లా ఆసుపత్రిలో ఆ నాలుగక్షరాలు రాసిన గది ఎక్కడుందో కానుపుకి ముందే చూసి పెట్టుకోండి. ఏడాది లోపు జబ్బు పిల్లలకి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రాకపోకల బండి ఉచితంగా ఇవ్వాలని కేంద్ర పథకం ఉంది. దాని పేరు జననీ శిశు సురక్షా కార్యక్రమం. బండి కోసం ఇక్కడ 102. మన ఊళ్ళలో 2005 నుంచి 108 నోటికి అలవాటైపోయింది, ఆ కంగారులో అదే నొక్కుతాం. ఫోనులో 102ని ఇవాళే పేరు పెట్టి దాచుకోండి.

2023 ఫిబ్రవరి, మార్చి నెలలు గుర్తున్నాయా? అడినోవైరస్. బి.సి. రాయ్‌లో ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు, వరండాలో తల్లులు. జిల్లాల నుంచి పంపేసిన పిల్లలు చాలామంది ఆ ఒక్క గుమ్మం దగ్గరికే చేరారు. ఆసుపత్రి అధిపతికి తెలియకుండా పిల్లల్ని ఇంకోచోటికి పంపించకూడదని అప్పుడు ప్రభుత్వం ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. బెంగాలీలో దీనికి రెఫార్ రోగ్ అని పేరే పెట్టారు. ఇక్కడ కుదరదు, పైకి తీసుకెళ్ళండి అని చీటీ రాసి చేతులు దులుపుకోవడం. ఆ చీటీ పట్టుకుని తండ్రి ఆటో మాట్లాడుకుంటాడు. ఎక్కడ బెడ్ ఉందో అతనికి తెలియదు. తెలుసుకునే దారి కూడా అప్పుడు లేదు.

1996లో సుప్రీంకోర్టు చెప్పిన ఆ సమాచార ఏర్పాటు ఏమైంది మరి? 2024 ఆగస్టు తర్వాత జూనియర్ డాక్టర్లు వీధుల్లోకి వచ్చినప్పుడు, వాళ్ళ కోరికల్లో ఒకటి కేంద్రీకృత రెఫరల్ వ్యవస్థ. ఆ అక్టోబరు 15న ప్రయోగంగా మొదలైంది. సోనార్‌పూర్ గ్రామీణ ఆసుపత్రి నుంచి ఎం.ఆర్. బంగూర్‌కి ఒక రోగిని, ముందే కంప్యూటర్లో బెడ్ ఖాయం చేసుకుని పంపారు. తీర్పుకీ ఆ రోజుకీ మధ్య 28 ఏళ్ళు. ఆ 28 ఏళ్ళలో ఎంతమంది తండ్రులు బిడ్డని భుజాన వేసుకుని రాత్రిళ్ళు తిరిగి ఉంటారో ఆలోచిస్తే నాకు కడుపులో బాధగా ఉంటుంది. ఆ వ్యవస్థ పేరు చెప్పి అడగడం మన హక్కు. పైకి పంపుతామని డాక్టరు అంటే కోపగించుకోకండి. ఆయన దగ్గర నిజంగానే ఆ యంత్రం, ఆ నిపుణుడు లేకపోవచ్చు. కానీ నాలుగు పనులు చేయించుకున్నాకే కదలండి. బిడ్డ ఊపిరి, రక్తప్రసరణ నిలబడేలా చేయమనండి. ఏం జబ్బు అనుకుంటున్నారో, ఏ మందు ఏ టైముకి ఇచ్చారో చీటీ మీద రాయమనండి. ఏ ఆసుపత్రికి, ఏ విభాగానికో పేరు రాయమనండి. అక్కడ బెడ్ ఉందో లేదో వాళ్ళనే ఫోను చేసి కనుక్కోమనండి. గట్టిగా, మర్యాదగా అడగండి. బెడ్ వెతికే పని తండ్రిది కాదు, ఆసుపత్రిది. ఈ మాట నాది కాదు, సుప్రీంకోర్టు తీర్పు సారం ఇదే.

ప్రైవేటు ఆసుపత్రి దగ్గరైతే అక్కడికే వెళ్ళండి, భయపడకండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా కాపాడి తీరాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ముందు డిపాజిట్ కట్టండి, తర్వాతే చూస్తాం అనడానికి వీల్లేదు. ఈ రాష్ట్రంలో 2017లో వచ్చిన చట్టం కింద ప్రైవేటు ఆసుపత్రుల మీద ఫిర్యాదులు వినే కమిషన్ ఉంది. ఈఎస్ఐ కార్డా, రైల్వే కార్డా, స్వాస్థ్య సాథీయా, కంపెనీ బీమానా అన్నది రెండో రోజు ప్రశ్న. మొదటి గంటలో కార్డుని బట్టి ఆసుపత్రిని ఎంచుకోవద్దు. బిడ్డ నిలబడ్డాక కార్డు చెల్లే చోటికి మార్చుకోవచ్చు. అక్కడ కూడా ఆ నాలుగు పనులు వర్తిస్తాయి.

ఇక రైలు సంగతి. ఈ మాట మన తెలుగిళ్ళలోనే వస్తుంది కాబట్టి చెప్పాలి. హౌరా నుంచి విశాఖ సుమారు 880 కిలోమీటర్లు, పదమూడు పద్నాలుగు గంటలు. ఒక రాత్రంతా డాక్టరు లేని పెట్టెలో బిడ్డ ఉంటుంది. భాష తెలిసినచోట, చుట్టాలున్నచోట వైద్యం చేయించుకోవాలన్న కోరిక నాకు బాగా అర్థమవుతుంది. ఆసుపత్రి వరండాలో తెలియని భాషలో సంతకం పెట్టమంటే ఏ తల్లికైనా వణుకే. అయినా జ్వరంతో, ఆయాసంతో, మూర్ఛతో ఉన్న బిడ్డని రైలెక్కించకండి. నెలల ముందు తేదీ పెట్టే ఆపరేషన్లు వేరు. గుండెలో రంధ్రం, గ్రహణమొర్రి, వంకర పాదం, తలసీమియా, వీటికి ఊరు వెళ్ళాలా, ఇక్కడే ఉండాలా అని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ఇక్కడి నుంచి వేలూరు వెళ్ళే బెంగాలీ కుటుంబాలు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రతిరోజూ కనిపిస్తాయి, అది కంగారులో తీసుకున్న నిర్ణయం కాదు. ఊళ్ళో ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుంది. పిల్లల గుండె ఆపరేషన్లకి ఈ రాష్ట్రంలో 2013 నుంచి శిశు సాథీ పథకం ఉంది. టికెట్ కొనే ముందు దాని గురించి కనుక్కోండి.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ భాష ఒక్కటే అడ్డు, అది పెద్ద అడ్డేం కాదు. పెన్నూ కాగితం తీసుకోండి. ఎమర్జెన్సీ బల్ల ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు బెంగాలీలో చెప్తాను, మీ అక్షరాల్లోనే రాసుకోండి. నెమ్మదిగా చెప్తాను.

బిడ్డ ఊపిరి తీసుకోలేకపోతే: బాచ్చా నిశ్శాస్ నితే పార్‌ఛే నా. ఏమీ తాగకపోతే: బాచ్చా కిచ్ఛు ఖాచ్ఛే నా. మూర్ఛ వస్తుంటే: ఖిఁచుని హొచ్ఛే. పైకి పంపుతామని వాళ్ళు అంటే: కోథాయ్ బెడ్ ఆఛే, ఫోన్ కోరే బోలున్. అంటే, బెడ్ ఎక్కడుందో మీరే ఫోను చేసి చెప్పండి అని. చివరిది: రెఫార్ లిఖే దిన్. రాసివ్వండి అని.

ఆ కాగితం తలుపు వెనకాల అంటించండి. కింద 102 రాయండి, మీ ఇంటికి దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే ఆసుపత్రి పేరు రాయండి. ఆ పేరు మీకు తెలియకపోతే రేపు పొద్దున పాలకి వెళ్ళినప్పుడు మీ పేటలోని పాడా క్లబ్బువాళ్ళని అడగండి, వాళ్ళకి తెలుస్తుంది.